బుసబుసా పొంగిన మన్ను



నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో కోయిలకుంట్ల వైపు నుంచి తెచ్చిన నల్లరేగడి మన్నును యంత్రంలో పెట్టాను. మట్టిని వెయ్యి డిగ్రీల దాకా కాల్చి, వచ్చిన వాయువును బట్టి కర్బనం ఎంతో చెప్పే యంత్రం అది. అంకె చూసి ఎగిరి గంతేశాను. మా ప్రయోగశాల పెద్దాయన ఏమీ అనలేదు. అదే మన్ను చిటికెడు పలక మీద పోసి, పలచని ఆసిడ్ రెండు చుక్కలు వేశాడు. మన్ను బుసబుసా పొంగింది. నేను కొలిచింది రైతు తోలిన ఎరువునూ కాదు, మగ్గిన వేరునూ కాదు. సున్నపురాయిలోని కర్బనాన్ని! బేతంచెర్ల సున్నపురాయి బండలు పరిచిన ఇంట్లో పెరిగినవాణ్ణి, మన నేలలో సున్నం ఉంటుందని నాకే తట్టలేదు.

అప్పుడైతే నవ్వుకుని ఊరుకున్నాం. ఇప్పుడు కర్బనానికి ధర వచ్చింది. ఎకరాకు ఇంత కర్బనం దాచారని లెక్కగట్టి అమ్మిపెడతామని కంపెనీలు ఊళ్లకొస్తున్నాయి. ఈ రోజు పట్టా అందుకుంటున్న మీలో కొందరు రేపు ఆ కొలతల ఉద్యోగాల్లోనే చేరతారు.

ఆ కొలతల్లో ఉపగ్రహాన్ని తక్కువ చేయను. సెంటినెల్-2 ఉపగ్రహాల జంట ఐదు రోజులకోసారి మన చేల మీదుగా పోతుంది, 10 మీటర్ల ముక్కను విడిగా చూస్తుంది. శనగ వేసే రేగళ్లు వానాకాలమంతా బీడుగా ఉండి అక్టోబరులో విత్తనం పడటం మన దగ్గర పాత అలవాటు. రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి సేద్యంలో ఆ బీడును పచ్చగా ఉంచాలని చూస్తున్నారు. బంకమన్ను, బూడిద పట్టించిన నవధాన్యాల విత్తనాలను వానలకు ముందే పొడి దుక్కిలో చల్లుతారు. ఏ చేను పచ్చబడిందో, ఎన్నాళ్లు పచ్చగా ఉందో ఉపగ్రహం చక్కగా చెబుతుంది. జానెడు లోతున ఏం మిగిలిందో మాత్రం దానికి కనబడదు. అక్కడ తవ్వాల్సిందే.

తవ్వినా సులువు కాదు. లెక్క చూడండి. 30 సెంటీమీటర్ల లోతు, ఘనపు సెంటీమీటరుకు 1.4 గ్రాముల సాంద్రత, అర శాతం కర్బనం అనుకుంటే హెక్టారులో 21 టన్నులుంటుంది. రైతు కొన్నేళ్లు కష్టపడితే అర శాతం 0.55 అయిందనుకుందాం. పెరిగింది 2.1 టన్నులు. కానీ అదే చేలో గట్టు వార మన్నుకూ నడిమధ్య మన్నుకూ అంతకంటే ఎక్కువ తేడా ఉండొచ్చు. పైగా రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. మేలో తీసిన 30 సెంటీమీటర్లూ డిసెంబరులో తీసినవీ ఒకటి కావు. అదే చోట, అదే నెలలో, అదే పదునులో తీయకపోతే రైతు కష్టం మన తప్పులో కలిసిపోతుంది. లేదా, నా మొదటి అంకెలా, లేని కష్టం ఉన్నట్టు కనబడుతుంది. రెండోది ఇంకా ప్రమాదం, ఎందుకంటే దానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు.

2024లో గుల్బెంకియన్ పురస్కారాన్ని మన రాష్ట్ర ప్రకృతి సేద్యానికీ, నేల కర్బనం మీద జీవితమంతా పనిచేసిన రత్తన్ లాల్‌కూ, ఈజిప్టులోని సేద్య సంస్థ సెకెమ్‌కూ కలిపి ఇచ్చారు. సేద్యం చేసేవాళ్లూ కొలిచేవాడూ లిస్బన్‌లో ఒకే పురస్కారం పంచుకున్నారు. ఊళ్లో మాత్రం ఆ ఇద్దరూ ఒకరికొకరు ఎదురుపడటమే అరుదు.

ముద్దనూరు దారిలో ఒక రైతు నాకు తన సాయిల్ హెల్త్ కార్డు చూపించాడు. సేంద్రియ కర్బనం తక్కువ అని ఉంది. "ఇది నా చేని మన్నేనా సార్?" అన్నాడు. అప్పట్లో మెట్ట భూముల్లో 10 హెక్టార్ల గడికి ఒక నమూనా తీసేవారు. ఆ గడిలో మన్ను ఎవరి చేలో తీశారో నాకు తెలీదు. అవునని అనలేకపోయాను.

"మరి నాది ఎప్పుడు తీస్తారు?"

మే నెలలో వస్తానన్నాను. మే వచ్చేలోపే రిటైరయ్యాను. జమ్మలమడుగు నుంచి పోతుంటే ఎడమ పక్క, పెద్ద చింతచెట్టు దాటినాక ఆయన చేను. మీలో ఎవరైనా అటు పోతే ఆసిడ్ సీసా కూడా పట్టుకుపోండి. అక్కడి మన్ను పొంగుతుంది.