నాటకములలోఁ గపటవివాహము

1609వ సంవత్సరమున ఆంగ్లకవి బెన్ జాన్సను ‘ఎపిసీన్’ అను ప్రహసనమును రచించెను. సద్దు గిట్టని మోరోసను ముసలి ధనికుఁడు, మేనల్లునకు ఆస్తి దక్కనీయరాదని, మితభాషిణియైన యొక కన్యను బెండ్లాడును. తుదకు మేనల్లుఁడు పెండ్లికూఁతురి సవరమును లాగివేయఁగా, ఆమె బాలుఁడని తేలును. అంతదనుకఁ బ్రేక్షకులకును ఆ గుట్టు తెలియదు.

1892లో విజయనగరమునఁ బ్రదర్శింపఁబడిన గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’నందును, ముసలి లుబ్ధావధానులు పెండ్లాడినది ఆఁడువేషము దాల్చిన కరటకశాస్త్రి శిష్యునే. అయిన నిచట గుట్టు మనకు ముందే తెలియును. ఆంగ్లనాటకమున మోసము ఆస్తికొఱకు. ఇచటనో సుబ్బియను పసిబాలను గాపాడుటకొఱకు. 1909 నాఁటి ప్రతియం దా బాలకుఁ గట్టిన వెల 1800 రూపాయలు. అందుచేఁ గవి మనలను గూడ నా కపటమున భాగస్వాములఁ జేసెను.

సత్తెనపల్లిలో నేను దీనిని బోధించుచుండ, “అగ్నిసాక్షిగా మోసగించుట పాపము కాదా?” యని యొక విద్యార్థి యడిగెను. వివాహవిషయమున బొంకినను దోషము లేదని వామనచరిత్రమున శుక్రాచార్యుఁడు చెప్పెనంటిని. “ఆ మాట బలిచక్రవర్తి వినలేదు గదా, పంతులుగారూ!” యనెను. నాకు నోరు పెగలలేదు.

పిదపఁ దోఁచినది: మంత్రములకు మైల, మగపిల్లవానికిఁ జీర గట్టినపుడు గాదు, ఆఁడుబిడ్డకు వెల గట్టిననాఁడే సోఁకినది. 1961లో శాసనము వరకట్నమును నిషేధించినను, నేఁడును వరునకు వెల గట్టుచునే యున్నాము. కావున నా విద్యార్థి ప్రశ్న కరటకశాస్త్రికిఁ గాదు, మనకే.