‘రన్’ అనే క్రియ: అర్థం ఎక్కడుంటుంది?

ఇంగ్లీషులో అర్థాలు ఎక్కువున్న క్రియ ఏదని అడిగితే చాలాకాలం ‘సెట్’ అనే జవాబే వచ్చేది. 1989లో ఇరవై సంపుటాలుగా వెలువడిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు రెండో కూర్పులో దానికి దాదాపు 430 అర్థాలు చూపారు. మూడో కూర్పు కోసం పాత వివరణలను తిరగరాసే పనిలో ‘రన్’ దాన్ని దాటిపోయింది. ఆ ఒక్క క్రియ మీదే సంపాదకుడు పీటర్ గిలివర్ తొమ్మిది నెలలు కూర్చుని 645 అర్థాలు తేల్చారు. ఈ అంకె వింటే ఇంగ్లీషు నేర్చుకునే మన పిల్లలు బెదిరిపోతారు. ఆ బెదురు అక్కర్లేదు. అర్థాల లెక్క నిఘంటుకారుడికి కావలసింది; మాట్లాడేవాడికి దానితో పనిలేదు. అర్థాన్ని ఒంటి క్రియలో గాక దాని ఇరుగుపొరుగు మాటల్లో వెతకాలన్నదే ఈ ఉపన్యాసంలో నా వాదన.

ముందు లెక్క సంగతి. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం తయారుచేసిన వర్డ్‌నెట్‌లో ఇదే క్రియకు 41 అర్థాలు. ఒకే భాష, ఒకే క్రియ. 645 ఎక్కడ, 41 ఎక్కడ? ఆక్స్‌ఫర్డ్‌వారిది చరిత్ర రాసే నిఘంటువు. ఏనాడో వాడుక తప్పిన అర్థాన్ని కూడా తేదీతో, ప్రయోగంతో నమోదు చేయడం దాని ధర్మం. వర్డ్‌నెట్ నేటి భాషను కంప్యూటర్లకు అందించడానికి పుట్టింది. కాబట్టి ఒక అర్థం ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలవుతుందో గీత గీసేది సంపాదకుడి ప్రయోజనమే. 1755 నాటి నిఘంటువు పీఠికలో శామ్యూల్ జాన్సన్ కూడా ఇలాంటి చిన్న క్రియలు తనను ఎంత తిప్పలు పెట్టాయో చెప్పుకున్నాడు. ‘టేక్’ ఒక్కదానికే ఆయన 134 అర్థాలు రాయవలసివచ్చింది.

ఇక ఇన్ని అర్థాలు ఎలా పోగుపడ్డాయి? దీనికి కారణాలున్నాయి. పాత ఇంగ్లీషులో తానుగా పరుగెత్తడానికి ఒక క్రియ, ఇతరులను పరుగెత్తించడానికి మరో క్రియ ఉండేవి. కాలక్రమంలో నార్స్ భాష ప్రభావం కూడా తోడై రెండూ ఒకే రూపంలో కలిసిపోయాయి. మనకు నడుచు, నడుపు వేరువేరుగా నిలిచాయి. ఇంగ్లీషువాడికి గుర్రం పరుగెత్తినా, ఎవరైనా మిల్లు నడిపినా అదే మాట. ఆ తర్వాత యంత్రయుగం వచ్చింది. మిల్లు, రైలు, గడియారం, చివరకు కంప్యూటర్ ప్రోగ్రామూ ఆ క్రియ కిందకే చేరాయి. మనిషి కాళ్లను వదిలిపెట్టి, ఒక దారిన ఆగకుండా సాగే దేనికైనా అది చెల్లింది.

తెలుగుతో పోల్చి చూస్తే సంగతి మరింత స్పష్టమవుతుంది. ఇంగ్లీషులో నది, ముక్కు, బస్సు, బడి, సినిమా అన్నింటికీ ‘రన్’ సరిపోతుంది. మనకు వాగు పారుతుంది, ముక్కు కారుతుంది, బస్సు నడుస్తుంది, బడిని నడుపుతారు, సినిమా వంద రోజులు ఆడుతుంది, వడ్లు మర ఆడిస్తారు. అమెరికాలో ఎన్నికలకు ‘రన్’ చేసినవాడు బ్రిటన్‌లో ‘స్టాండ్’ అవుతాడు. మన దగ్గరా నిలబడతాడు. అంతమాత్రాన మన క్రియలు క్రమశిక్షణ గలవని అనుకోవద్దు. తలుపు కొట్టడం, ఈల కొట్టడం, కంపు కొట్టడం, ఎండ కొట్టడం, పరీక్షలో కాపీ కొట్టడం ఒకే క్రియతో చెప్పుకుంటున్నాం. వీటిని మనలో ఎవరూ అంకెలు వేసుకుని నేర్చుకోలేదు. తలుపు, ఈల, ఎండ అనే మాటలే అర్థాన్ని తేల్చిపెడతాయి.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ ఉంది. పరుగు నుంచి ప్రవాహానికి, ప్రవాహం నుంచి యంత్రానికి, యంత్రం నుంచి కంపెనీకి అర్థం పాకిందని వెనక్కి తిరిగి చూసి చెప్పవచ్చు. కానీ ఆ గొలుసు తెలిసినంత మాత్రాన కొత్తవాడు ‘రన్ ఎ రిస్క్’ అంటే ప్రమాదానికి ఒడ్డుకోవడమని ఊహించగలడా? ఊహించలేడు. మూలార్థం తెలిస్తే అన్నీ వాటంతటవే తెలుస్తాయన్న బోధన అందుకే విఫలమవుతుంది. గొలుసు అర్థాల మధ్య చుట్టరికాన్ని వివరిస్తుంది, తర్వాతి అర్థాన్ని ముందుగా చెప్పదు. ‘రిస్క్’తో కలిపి నేర్చుకున్నవాడికి మాత్రం ఆ ఇబ్బందే లేదు. 1987లో జాన్ సింక్లెయిర్ నాయకత్వాన బర్మింగ్‌హామ్‌లో తయారైన కోబిల్డ్ నిఘంటువు నిర్వచనాలను నిండు వాక్యాలుగా రాసింది ఇందుకే. క్రియ ఎవరితో, దేనితో కలుస్తుందో ఆ వాక్యంలోనే తెలిసిపోతుంది.

ఒక మాటకు ఇన్ని అర్థాలు భాషకు లోపం కాదా అని మరికొందరు అడుగుతారు. ఎక్కువగా వాడే మాటలకే ఎక్కువ అర్థాలుంటాయని జార్జ్ జిఫ్ 1945లో లెక్కలతో చూపాడు. లోపమే అయితే ఇంత వాడుకలో ఉన్న మాటలు ఎప్పుడో అరిగిపోవలసింది. ప్రతి అర్థానికీ కొత్త మాట పుట్టిస్తే జ్ఞాపకం మీద పడే భారం చాలా పెద్దది. పక్క మాటలు లేనిచోట, పత్రికా శీర్షికల వంటివాటిలో, సందేహం రావడం నిజమే; అది క్లుప్తత వల్ల వచ్చిన చిక్కు.

మన తరగతి గదుల్లో ఇప్పటికీ ‘రన్ అంటే పరుగెత్తు’ అని పలకలో రాయించినట్టే రాయిస్తున్నాం. 1852లో అచ్చయిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులో బ్రౌన్ దొర క్రియలకు ప్రయోగాలు జోడించి చూపాడు. ఇంగ్లీషు–తెలుగు నిఘంటువులు కూర్చేవారికి, పాఠ్యపుస్తకాలు రాసేవారికి నా మనవి ఒక్కటే: క్రియను ఒంటరిగా ఇవ్వకండి, అది కలిసి తిరిగే నామవాచకాలతో, దానికి సరిపోయే తెలుగు వాక్యంతో ఇవ్వండి. తరచుగా వాడే ఓ యాభై క్రియలతో ఆ పని మొదలుపెట్టండి.