నాయిన చేతిపని, నాయిన కొట్లాట

(వర్ధన్నపేట సంస్మరణ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నాయిన గురించి మాట్లాడమన్నరు. అక్క, తమ్ముడు, మేము ముగ్గురం కూసోని అనుకున్న నాలుగు మాటలే ఇవి.

నాయిన వడ్ల పని చేసిండు. తాత దగ్గర నేర్చిండు. తాత కాలంల ఆ పని సగం బతుకుదెరువు, సగం వెట్టి. దొర గడీకి నాగళ్లు, బండ్లు, తలుపులు ఊరికెనే చేసిపెట్టాలె. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటం మీద రాసిన పుస్తకంల వెట్టి చేసినోళ్ల వరుసల వడ్ల, కమ్మరోళ్లు కూడా ఉన్నరు. ఇక్కడికి దగ్గరనే ఉన్న పాలకుర్తిల చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచిన ముచ్చట తాత నోట వినుకుంటనే నాయిన పెరిగిండు. అందుకే ఆయన ఎవరి ముంగటా చేతులు కట్టుకొని నిలబడలేదు. పని అడగవచ్చినోడు ఎంతటోడైనా సరే, మొద్దు మీద కూసోబెట్టి మాట్లాడేవాడు.

ఆయన పనితనం గురించి కొంచెం చెప్పాలె. ఇక్కడున్న తమ్ముళ్లల్ల చాలామంది ఎడ్లబండి చక్రం చేస్తుంటె చూసి ఉండరు. నడుమ దుంగ, దానికి తొలిచిన బెజ్జాలల్ల దిగే ఆకులు, ఆకుల కొసలకు చుట్టూ వంపు చెక్కలు. ఒక్క మేకు కొట్టేది లేదు. చెక్కపని అయినంక కమ్మరాయన ఇనుప పట్టా చేస్తడు. ఆ పట్టా చక్రం చుట్టుకొలత కంటె జరంత తక్కువ ఉంటది. పిడకల మంటల ఎర్రగ కాలిస్తె అది సాగుతది. పట్టకార్లతోని ఎత్తి చక్రానికి తొడిగి, బిందెలకొద్ది నీళ్లు పోస్తరు. పట్టా సల్లబడి గుంజుకపోతది, లోపల అతుకులన్నీ కటకటమని బిగుస్తయి. ఎంత తక్కువ ఉండాలె అనేదే అసలు విద్య. ఎక్కువ తక్కువైతె చెక్క పగులుతది, చాలకపోతె పట్టా ఊడుతది. ఆ జరంత ఎంతో ఏ పుస్తకంల లేదు. వడ్లాయనకు, కమ్మరాయనకు నడుమ మాటల్లేకుంటనే తెగే లెక్క అది. మేము డిగ్రీ చదివినోళ్లం, ఆ లెక్క మాకు ఇప్పటికీ రాదు.

కర్ర మీద ఆయనకు ఒక పట్టుదల ఉండేది. పచ్చి కర్ర ముట్టేవాడు కాదు. ఇల్లు కట్టుకునేటోళ్లు ముహూర్తం ముంచుకొచ్చిందని బతిమిలాడినా వినకపోయేది. "పచ్చి కర్రతోని దర్వాజ చేస్తె రెండు ఎండకాలాలకు వంకర పోతది. అప్పుడు తిట్లు నాకే" అనేవాడు. ఈ మాట జర యాదిల పెట్టుకోండ్రి, మళ్ల వస్త.

1969 జనవరిల పాల్వంచ, ఖమ్మంల నిప్పు రాజుకున్నప్పుడు నాయినకు పందొమ్మిదేండ్లు. మన ఊరు ఖమ్మం బాట మీది ఊరు. వార్త పేపర్ల కంటె ముందు బస్సుల వచ్చేదని చెప్పేవాడు. ఆ ఉద్యమం ముల్కీ నిబంధనల కోసం, 1956 పెద్దమనుషుల ఒప్పందంల రాసుకున్న రక్షణల కోసం. అంటే నౌకర్ల కొట్లాట. అందుకే అది విద్యార్థుల, ఎన్జీవోల ఉద్యమమని పుస్తకాలల్ల రాసుకుంటున్నం. అది అబద్ధం కాదు, కాని సగమే నిజం. రక్షణలు అమలైతె నాయినకు ఏం వచ్చేది? ఆయనకు సర్టిఫికెట్ లేదు, సర్కారు నౌకరి ఆశ లేదు. బాడిశ పట్టేటోడు వరంగల్ దాక పోయి ఊరేగింపుల ఎందుకు నడిచినట్టు? ఒకసారి అడిగినం. "నా పని నాకుంది. మీరు పుట్టకముందె మీ కొలువు ఎవడో కూసుండి తింటున్నడని తెల్సినంక ఊరికెట్ల ఉంట?" అన్నడు.

ఆ ఊరేగింపుల లాఠీ దెబ్బకు ఎడమ మణికట్టు విరిగింది. నాటు కట్టు కట్టిండ్రు, వంకరగనే అతికింది. ఉలి పట్టేది ఎడమచేతితోనే కదా. బతికినన్ని రోజులు ఉలిని వేళ్ల కొసలతోనే పట్టిండు. ఈ సంగతి నాయనమ్మ చెప్తె తెలిసింది. ఆయన ఒక్కనాడు చెప్పుకోలేదు.

1971 ఎన్నికల్ల తెలంగాణ ప్రజాసమితికి పది ఎంపీ సీట్లు గెలిపిచ్చి ఇచ్చిండ్రు జనం. ఆ ఏడే పార్టీని తీసుకపోయి కాంగ్రెస్‌ల కలిపిండ్రు. ఆ తర్వాత చాలా ఏండ్లు నాయిన ఏ జెండా పట్టలేదు. ట్రాక్టర్లు వచ్చినయి, నాగళ్లు పోయినయి. కల్లం కాడ గింజలు కొలిచి ఇచ్చే రివాజు పోయింది. దర్వాజాలు, కిటికీల మీద బతికినం, తర్వాత అవి కూడా దుకాణంల తయారుగ దొరుకుతున్నయి. ఇప్పుడు కేంద్రం 2023 సెప్టెంబరుల విశ్వకర్మ పథకం తెచ్చి పనిముట్లకు 15 వేలు అంటున్నది. మంచిదే. చేసిన పని కొనేటోడు ఎక్కడని కూడా ఒక పథకంల రాస్తె బాగుండేది.

2011 సెప్టెంబరు 13న సకల జనుల సమ్మె మొదలైంది. ఉద్యోగులు 42 రోజులు జీతాలు వదులుకొని నిలబడిండ్రు. అప్పుడు నాయిన పనిముట్ల సంచి భుజాన ఏసుకొని వచ్చి ఖమ్మం బాట నడుమ కూసోని చిత్రిక పట్టిండు. మేము నోట్‌బుక్కు పట్టుకొని వార్త రాసేటందుకు పోయినం, రాసుడు ఇడిసిపెట్టి ఆయన పక్కన కూసున్నం. ఆయన మొఖంల ఏ ఆవేశం లేదు. ఇంటి ముంగట పని చేసుకున్నట్టే చేసిండు.

రాష్ట్రం వచ్చింది. ఆయన కండ్లతోని చూసిండు, అది మాకు పెద్ద తృప్తి. తర్వాత మా తమ్ముడు 2022 అక్టోబరుల గ్రూప్-1 రాసిండు. పేపర్ లీకై 2023 మార్చిల ఆ పరీక్ష రద్దయింది. మళ్ల పెట్టిండ్రు, సెప్టెంబరుల హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. ఇంట్ల అందరం మొఖాలు ఏలాడేసుకొని కూసున్నం. నాయిన ఒక్కటే మాట అన్నడు: "కర్ర ఎండకముందె బిగిచ్చిండ్రు." మాకు తెలిసి రాష్ట్రం వచ్చినంక ఆయన సర్కారు మీద చేసిన విమర్శ అంతే. దానికంటె పెద్ద సంపాదకీయం మేము రాయలేదు.

2023 ఎన్నికల హామీలల్ల ఉద్యమకారులకు 250 గజాల జాగ అనే మాట చేరినప్పుడు ఊర్లె కొందరు నాయిన పేరు రాపియ్యమన్నరు. రుజువు ఏమున్నదని ఎవరన్న అడిగితె ఏం చూపాలె? ఆయన జైలుకు పోలేదు. దెబ్బలు తిని ఇంటికొచ్చిండు, తెల్లారి పనికి పోయిండు. వంకరబోయిన మణికట్టు తప్ప మా దగ్గర కాయితం లేదు. అది కూడా ఇప్పుడు మట్టిల కలిసింది. నాయినకు ఆ జాగ అక్కెర లేకుండె, మేమూ అడగం. కాని 1969ల 369 మంది అమరులని ఉద్యమం లెక్క చెప్పుకున్నది. దెబ్బలు తిని బతికి వచ్చినోళ్ల లెక్క ఎవరు పెట్టిండ్రు? హైదరాబాదు గన్‌పార్కుల స్థూపం చెక్కిన శిల్పి ఎక్కా యాదగిరిరావు పేరు మనకు తెలుసు. మన ఊర్లళ్ల నడిచిన చేతిపనోళ్ల పేర్లు మనకే తెలువదు. ఆ తరం డెబ్బై అయిదు దాటింది. ఏటా ఇట్లాంటి సభలు పెట్టుకుంటనే ఉన్నం.

అందుకే ఒక పని పెట్టుకున్నం. సభ కాంగనె బయట చెట్టుకింద మా తమ్ముడు రిజిస్టరు పట్టుకొని కూసుంటడు. పెద్దమనుషులారా, మీ ఎంబడి అరవై తొమ్మిదిల నడిచినోళ్ల పేరు, ఊరు, వాళ్లు చేసిన పని, ఏ దెబ్బ ఎక్కడ తగిలిందో చెప్పి పోండ్రి. బతికున్నోళ్లయితె ఇల్లు ఎక్కడో చెప్పుండ్రి, మేమే వస్తం. మొదటి వరుసల నాయిన పేరు రాయలేదు. ఆయన కంటె ముందు పోయినోళ్లున్నరు, వాళ్లు అయినంక రాస్తం.