నలభై దాటాక కుంచె పట్టినప్పుడు
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునే మమ్మల్ని చిత్రలేఖనం మీద మాట్లాడమన్నారు. మేము చిత్రకారులం కాము. నలభై దాటిన తరువాత అక్రిలిక్ రంగులు చేతబట్టిన వాళ్ళం. అందువల్ల కళాశాస్త్రం జోలికి పోకుండా, పెద్ద వయసులో కొత్త విద్య నేర్చుకోవడం గురించే నాలుగు మాటలు మనవి చేస్తాము.

పిల్లవాడు గుర్రం బొమ్మ గీస్తాడు. అది మేకలా వచ్చినా సరే, పరుగెత్తుకొచ్చి మనకు చూపిస్తాడు. అదే పెద్దవాళ్ళు గీస్తే కాగితం మడిచి దాచేస్తారు. ఎవరైనా చూస్తే నవ్వుతారేమోనని భయం. రోజూ ఇతరుల తప్పులు దిద్దే మా ఉపాధ్యాయ వర్గానికి ఈ సిగ్గు మరీ ఎక్కువ. కాని చర్చిల్ 1915లో నలభయ్యో ఏటనే మొదటిసారి కుంచె పట్టాడు. రవీంద్రనాథ్ ఠాకూర్ చిత్రలేఖనంలో పూర్తిగా దిగింది అరవై దాటాకనే. 1930లో పారిస్‌లో ఆయన చిత్రాలు ప్రదర్శించే నాటికి ఆయన డెబ్బైకి దగ్గర పడ్డారు.

ఇక ఈ అక్రిలిక్ అంటే ఏమిటి? రంగుపొడిని అక్రిలిక్ పాలిమర్ అనే జిగురులో కలుపుతారు. ఆ జిగురు సన్నని కణాలుగా నీటిలో తేలుతుంటుంది. నీరు ఆవిరైపోగానే కణాలు ఒకదానికొకటి అతుక్కుని ప్లాస్టిక్ పొరలా గట్టిపడతాయి. తరువాత నీళ్ళు పడినా కరగవు. నీటితో కలిపే ఈ రంగులు 1950ల మధ్యలో అమెరికాలో చిత్రకారుల చేతికి వచ్చాయి. పాలిమర్ల మీద పరిశోధన చేసే ఐ.ఐ.సి.టి. మన తార్నాకలోనే ఉంది కదా. పిల్లలకు రసాయన శాస్త్రం చెప్పేటప్పుడు ఈ రంగుల ట్యూబు చూపించి చెప్పవచ్చు.

ఆయిల్ రంగులు ఆరడానికి రోజులు పడుతుంది, టర్పెంటైన్ వాసన ఒకటి. రెండు గదుల ఇంట్లో అది కష్టం. అక్రిలిక్‌కు మంచినీళ్ళు చాలు. పల్చగా పూస్తే పది ఇరవై నిమిషాల్లో ఆరిపోతుంది, మన ఎండాకాలంలో ఇంకా త్వరగా. అందుకని స్టీలు పళ్ళెంలో తడిగుడ్డ పరిచి, దాని మీద బటర్ పేపరు వేసి రంగులు పెట్టుకోవాలి. కుంచెను ఆరనివ్వకూడదు, ఆరిందంటే అది ఇక పనికిరాదు. పాత కుర్తా వేసుకుని కూర్చోవాలి, ఆరిన మరక చాకలికి కూడా లొంగదు. ఇంకొక సంగతి, తడిగా ఉన్నప్పుడు ఆ జిగురు పాలలా తెల్లగా ఉంటుంది కాబట్టి ఆరిన తరువాత రంగు కాస్త ముదురుగా కనిపిస్తుంది.

కొత్తవాళ్ళకు అన్నిటికన్నా ధైర్యమిచ్చే గుణం ఏమిటంటే, నచ్చకపోతే ఆరనిచ్చి దాని మీదనే మళ్ళీ వేయవచ్చు. ఇది మనకు కొత్త కాదు. వెనుకటి రోజుల్లో పిల్లలు తఖ్తీకి ముల్తానీ మట్టి పూసి, ఆరబెట్టి, రెల్లు కలంతో రాసి, కడిగి, మళ్ళీ పూసి రాసేవారు. ఈనాడు కాన్వాసుకు ముందుగా తెల్లని జెస్సో పూయడం కూడా అటువంటి పనే. ఖత్ నేర్చిన వాళ్ళు అక్షరాన్ని నుక్తాలతో కొలుస్తారు. ఆ కొలిచే కన్ను ఉన్నవాడికి తలుపుకు ఎత్తు ఎంత, వెడల్పు ఎంత అని చూడటం కష్టమా? మెహందీ పెట్టే, జర్దోజీ కుట్టే మన అక్కచెల్లెళ్ళకు కూడా చెయ్యి తిరిగే ఉంది. వాళ్ళెవరూ సున్నా నుంచి మొదలుపెట్టడం లేదు.

ఏం వేయాలి అంటారా? ఆదివారం పొద్దున తార్నాక నుంచి ఉస్మానియా కాంపస్‌లోకి నడిచి ఆర్ట్స్ కాలేజీ ఎదుట కూర్చోండి. బెల్జియం వాస్తుశిల్పి జాస్పర్ రూపమిచ్చిన ఆ భవనాన్ని 1939 డిసెంబరు 4న నిజాం ప్రారంభించారు. ఆ రాయి గులాబీ రంగు అని అందరం అంటాము. బొమ్మ వేద్దామని కూర్చుంటే గాని తెలియదు. తెలుపులో కొంచెం ఎల్లో ఓకర్, కొంచెం బర్న్ట్ సియెన్నా, చిటికెడు క్రిమ్సన్ కలిపితే ఎండ పడిన రాయి వస్తుంది. పెద్ద కమాను లోపలి నీడ నలుపు కాదు, అందులో నీలం ఉంది. బర్న్ట్ సియెన్నాలో అల్ట్రామెరీన్ నీలం కలిపితే ఆ నీడ దొరుకుతుంది. నల్లరంగు కొననే అక్కరలేదు. ఎల్లో ఓకర్‌లో అదే నీలం కలిపితే వేపాకుల పచ్చ. ఐదు ట్యూబులు, రెండు సింథటిక్ కుంచెలు, ఒక దళసరి అట్ట, ఇంతే సామాను. ఏళ్ళ తరబడి ఆ దారిన పోయిన వాళ్ళం, ఆ నీడలో నీలం ఉందని కుంచె పట్టాకనే చూశాము.

ప్రాణుల బొమ్మలు వేయవచ్చునా అని కొందరు పెద్దలు అడిగారు. దాని మీద తీర్పు చెప్పే స్థాయి మాది కాదు. సందేహం ఉన్నవారికి కమానులు, చెట్లు, కాంపస్ బండరాళ్ళు, అందమైన అక్షరాలు ఉన్నాయి. ఒక జీవితానికి అవి చాలు.

ఇదంతా ఎందుకు చెప్తున్నామంటే, ఉస్మానియా 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైనప్పుడు కొత్త శాస్త్రాలకు ఉర్దూలో చాలినన్ని పుస్తకాలు లేవు. తర్జుమా విభాగంలో పండితులు కూర్చుని ఒక్కొక్క మాటా తయారు చేశారు. వాళ్ళంతా పెద్దవాళ్ళే, చదువు ముగించిన వాళ్ళే. ఇవాళ మన పిల్లలు మనలో ఏం చూస్తున్నారు? ఉద్యోగం దొరకగానే నేర్చుకోవడం ఆపేసిన నాన్నను, పెళ్ళితో చదువు ఆగిపోయిన అమ్మను చూస్తున్నారు. అలాంటప్పుడు చదువు పరీక్ష కోసమే అని వాళ్ళు అనుకుంటే తప్పెవరిది?

అందుకని సంఘానికి ఒక మనవి. నెలకొక ఆదివారం రెండు గంటలు పెద్దల కోసం రంగుల తరగతి పెట్టండి. స్త్రీలకు కూడా వీలైన వేళ చూడండి. కుంచెలు కడిగే పని, తెలిసినంత చెప్పే పని మేము చేస్తాము. వచ్చేవారు మొదటి బొమ్మను పారవేయవద్దు. వెనుక తేదీ వేసి, ఇంట్లో పిల్లలకు కనపడే చోట పెట్టండి. వాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి. రెండో బొమ్మ వాళ్ళ పక్కనే కూర్చుని వేయండి.

శెలవు. ఖుదా హాఫిజ్.