మేడలును గురుకులములును

మా చంద్రగిరి కోటలోని రాజమహలును మీలో పెక్కుమంది చూచియుందురు. కలప వాడక, రాతితోను, ఇటుకతోను, సున్నముతోను మూడంతస్తులుగా నిలిపిన కట్టడమది. నేడు ప్రదర్శనశాలగా నున్నది. దానిని చూచినపుడు, ఇట్టి మేడలో పాఠశాల పెట్టి, బాలురనందే యుంచి చదివించిన నెంత బాగుండునని తోచుట సహజము. అయితే మేడ దొరకినంతనే గురుకులమగునా? ఇదియే నేటి విచారము.

1639లో చెన్నపట్టణపు నేలను ఆంగ్లేయులకిచ్చిన దానపత్రము ఈ మహలులోనే సిద్ధమైనదని ప్రతీతి. తరువాతి కాలమున ఆ పట్టణమందే, తేనాంపేటలో, న్యూయింగ్టన్ అను గొప్ప తోటబంగళాలో ఒక వసతి విద్యాలయముండెను. కోర్టు ఆఫ్ వార్డ్సు పాలనలోనున్న మైనరు జమీందారులను అందుంచి చదివించెడివారు. గురుశిష్యుల నివాసము ఒక్కచోటనే. కాని 1919 అక్టోబరు 15వ తేదీన ప్రధానోపాధ్యాయుడు డి లా హే ఆ యింటనే తుపాకి గుండుచే హతుడయ్యెను. శిష్యులిద్దఱపై నేరము మోపబడెను. ఒకడు అప్రూవరుగా మాఱెను. రెండవవానిని బొంబాయి హైకోర్టులో నిర్దోషియని విడిచిరి. కారణములను లోకము పలువిధముల జెప్పుకొనెను. హంతకుడెవ్వడైనను, గురువును జంపిరను నింద శిష్యులపై బడుటయే ఆ యింటికి గొప్ప కళంకము. ఒక్క కప్పు క్రింద నివసించుట వేఱు, కలిసి జీవించుట వేఱు.

ఇక మదనపల్లె చెంతనున్న ఋషివాలీని జూడుడు. ఆ యూర 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిగారు స్థాపించిన విద్యాలయమది. రాజమహలును వెదకక, కొండల నడుమ నొక లోయను, అందలి మఱ్ఱిచెట్టును జూచి స్థలమేర్పఱచిరి. ఉపాధ్యాయులు విద్యార్థులతోడనే నివసింతురు. చుట్టుపట్ల పల్లెబిడ్డలకు చిన్న బడులను గూడ ఆ సంస్థ నడపినది. లోపలివారికి నేర్పిన విద్య గోడ దాటి వెలికి బోవుట గురుకులమునకు శోభ.

కావున తలిదండ్రులారా! బిడ్డను దూరపు బడిలో జేర్చునపుడు మేడ యెత్తును, తోట వైశాల్యమును జూచి మురియకుడు. రాత్రి భోజనమునకు పిల్లల పంక్తిలో గూర్చుండు నుపాధ్యాయుడెవ్వరో విచారింపుడు. జ్వరము వచ్చిననాడు ప్రక్కన మేల్కొనియుండువారెవ్వరో అడుగుడు. బిడ్డ తన కష్టమును నిర్భయముగా జెప్పుకొనుటకు ఒక్క పెద్దయైన నుండునా యని తెలిసికొనుడు. వీనికి సరియైన సమాధానము దొరకినచో పూరిపాకయైనను చాలును. దొరకనిచో రాజమహలైనను వలదు.