బిడ్డను తూచారు, తల్లిని అడిగారా?

(స్త్రీల ఆరోగ్య హక్కులపై జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల ఆరోగ్యం అనగానే మనం రక్తహీనత గురించీ, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల గురించీ, గర్భసంచి తీసెయ్యడం గురించీ మాట్లాడుతున్నాం. పురుడయ్యాక మనసుకు వచ్చే జబ్బుల గురించి మన సంఘాల్లో కూడా చర్చ తక్కువే.

ముందు మూడు స్థితులను విడదీసి చూడాలి. కాన్పయిన మొదటి వారంలో ఊరికే ఏడుపు రావడం, చిరాకు చాలామందిలో ఉంటాయి. రెండు వారాల్లో అవే తగ్గిపోతాయి. అలా తగ్గకుండా నిద్ర, ఆకలి, ఆశ అన్నీ పోయి, 'నేను తల్లిగా పనికిరాను' అన్న భావం పీడిస్తుంటే అది డిప్రెషన్. మూడోది సైకోసిస్. వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి, ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే వస్తుంది. లేని మాటలు వినపడతాయి, లేని భయాలు పట్టుకుంటాయి. తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం కాబట్టి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. గాలి సోకిందని తాయెత్తు కట్టించి కూర్చుంటే విలువైన రోజులు పోతాయి. ఇవి నయమయ్యే జబ్బులు.

డిప్రెషన్‌ని హార్మోన్ల మీదికి నెట్టేసి ఊరుకోవడం తేలిక. గోవాలో విక్రమ్ పటేల్ బృందం చేసి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరు నుంచి ఎనిమిది వారాల బాలింతల్లో 23 శాతం మందికి డిప్రెషన్ ఉన్నట్లు తేలింది. పేదరికం, భర్త హింస, ఆడపిల్ల పుట్టడం దానితో ముడిపడి కనిపించాయి. వాళ్లలో ఎక్కువమంది కడుపుతో ఉన్నప్పుడే మానసికంగా బాధపడుతున్నారు. అంటే ఈ జబ్బు పురిటిగదిలో మొదలైంది కాదు. ఆడపిల్లని తెలిసి అత్తవారు చూడ్డానికైనా రాకపోతే, ఆ బాలింత దుఃఖానికి హార్మోన్లని పేరు పెడదామా?

ఆస్పత్రిలో కాన్పయితే ఆశా కార్యకర్త మూడో రోజు నుంచి నలభైరెండో రోజు వరకు ఆరుసార్లు ఇంటికి రావాలి. బిడ్డను తూస్తుంది, జ్వరం చూస్తుంది. ఆరో వారంలో టీకాకి తల్లే బిడ్డను ఎత్తుకొస్తుంది. గోవాలో డిప్రెషన్ బయటపడిన సమయం కూడా సరిగ్గా అదే. 'నిద్ర పడుతోందా అమ్మా? బతకాలనిపిస్తోందా? ఇంట్లో ఎవరైనా కొడుతున్నారా?' అని అడగడానికి కొత్త యంత్రాలేమీ అక్కర్లేదు. అడిగే మనిషికి శిక్షణ, తగిన వేతనం, ఆ తర్వాత పంపడానికో డాక్టరు ఉండాలి.

అయితే ఇక్కడ మరో ప్రమాదం ఉంది. జబ్బు పేరు కాగితం మీదికి ఎక్కగానే అది భర్త చేతిలో ఆయుధం కావచ్చు. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో మానసిక వ్యాధి విడాకులకు ఒక కారణం. కానీ జబ్బు పేరొక్కటే చాలదని, దాని తీవ్రతను చూడాలని రామ్ నారాయణ్ గుప్తా కేసులో 1988లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ ప్రకారం, చికిత్స పొందుతున్న తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డను మామూలుగా వేరుచేయకూడదు. బిడ్డకు ప్రమాదముందని డాక్టరు భావించి వేరుచేసినా ఆ నిర్ణయాన్ని పదిహేను రోజులకోసారి సమీక్షించాలి. ముప్పై రోజులు దాటితే మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ అనుమతి కావాలి. ఈ సంగతి ఎంతమంది బాలింతలకు తెలుసు?

బెంగుళూరు నిమ్హాన్స్‌లో 2009లో తల్లీబిడ్డలకు కలిపి వార్డు మొదలుపెట్టారు. ప్రతి బోధనాస్పత్రిలో అటువంటి వార్డు కావాలని మనం అడగాలి. బాలింతకు పథ్యం చెప్పేవాళ్లు ఊరంతా ఉన్నారు. ఆమె మాట వినే ఏర్పాటు ప్రభుత్వ బాధ్యత. అది దయ కాదు, హక్కు.