పసివాళ్ళకి ఆవుపాలు: ఎప్పుడు, ఎన్ని?

(గత మహాసభల వైద్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



గుత్తొంకాయ కూర, పులిహోర, బొబ్బట్లు పెట్టిన గంటకే వైద్య సదస్సు పెట్టిన మన కార్యకర్తల ధైర్యాన్ని మెచ్చుకోవాలి. నిద్ర ఆపుకుని వచ్చిన మిమ్మల్ని ఇంకా మెచ్చుకోవాలి. ముందు వరసల్లో చంటిపిల్లల తల్లులు కనిపిస్తున్నారు. వాళ్ళ పక్కనే ఇండియా నుంచి ఆరు నెలలకని వచ్చిన అమ్మమ్మలూ, నానమ్మలూ ఉన్నారు. మీ ఇళ్ళలో ఫ్రిజ్ తలుపు దగ్గర రోజూ జరిగే వాదన గురించే నేను మాట్లాడబోయేది.

"డాక్టరుగారూ, బాబుకి ఆవుపాలు ఎప్పటినుంచి పట్టాలి?" నా క్లినిక్‌లో తెలుగువాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఇదే. జవాబు చిన్నది. ఈ దేశంలో అయితే ఏడాది నిండాక. అప్పటిదాకా తల్లిపాలు, లేదా ఇనుము కలిపిన ఫార్ములా. ఆరో నెల నుంచి మెత్తటి ఆహారం. మన అన్నప్రాశన ముహూర్తం దానికి చక్కగా సరిపోతుంది.

"మమ్మల్నందర్నీ నీళ్ళు కలిపిన గేదెపాలతో పెంచలేదా?" అని అమ్మమ్మలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. డాక్టర్లు కూడా మాట మార్చినవాళ్ళే మరి. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 1983లో, ఆరు నెలలు దాటి ఇతర ఆహారం సరిగ్గా తినే పిల్లలకి ఆవుపాలు ఇవ్వవచ్చంది. 1992లో, వద్దు, ఏడాది దాకా ఆగండంది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, తల్లిపాలు తాగని ఆరు నుంచి పదకొండు నెలల పిల్లలకి ఫార్ములా అయినా పశువుల పాలైనా ఇవ్వవచ్చని చెప్పింది. అది అన్ని దేశాలనీ దృష్టిలో పెట్టుకుని చెప్పిన మాట. ఫార్ములా కొనగలిగి, శుభ్రమైన నీళ్ళు దొరికేచోట ఏడాది ఆగడమే మేలని నా అభిప్రాయం.

ఎందుకంటే, పుట్టేటప్పుడు బిడ్డ తల్లి దగ్గర్నుంచి తెచ్చుకున్న ఇనుము నాలుగు నుంచి ఆరు నెలలకి కరిగిపోతుంది. ఆ తర్వాత రోజుకి 11 మిల్లీగ్రాములు కావాలి. లీటరు ఆవుపాలలో ఉండేది అర మిల్లీగ్రాము. అందులో ఒంటబట్టేది పదో వంతు. పైగా ఆవుపాలలోని కాల్షియం, ప్రోటీను మిగతా తిండిలోని ఇనుముని కూడా సరిగ్గా ఒంటబట్టనివ్వవు. కొందరు పసివాళ్ళకి ఈ పాలవల్ల పేగుల్లోంచి కంటికి కనపడనంత రక్తం కొద్దికొద్దిగా పోతుంది. తల్లిపాలలో ఉన్నదానికి మూడింతల ప్రోటీను, ఎక్కువ లవణాలు ఉండటంవల్ల చిన్న మూత్రపిండాలకి పనీ పెరుగుతుంది.

సరే, పుట్టినరోజు అయింది, కేకు కోశారు, పాలు మొదలుపెట్టారు. కథ కంచికి అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

మా అబ్బాయి 1994లో పుట్టాడు. నేనప్పుడు పిల్లల వైద్యంలోనే రెండో ఏడాది రెసిడెంట్‌ని. వాడికి పదకొండో నెలలో మా అమ్మ తెనాలి నుంచి వచ్చింది. వచ్చిన మర్నాడే ఫార్ములా డబ్బా తిప్పి చూసి, "ఈ పిండేమిటే, ఇంట్లో గ్యాలను పాలు పెట్టుకుని?" అంది. నేను ఏడాది నిండేదాకా ఒక్క చుక్క పట్టనివ్వలేదు. నిండిన మర్నాడే పాలు మొదలు. అమ్మ సంతోషం అంతా ఇంతా కాదు.

వాడు అన్నం ముద్ద నోట్లో పెడితే ఊసేవాడు. సీసా ఇస్తే క్షణంలో ఖాళీ చేసేవాడు. పాలు సంపూర్ణాహారమని మేమందరం బళ్ళో చదువుకున్నవాళ్ళమే కదా! రోజుకి నలభై ఔన్సులు, అంటే దాదాపు లీటరుంబావు తాగేవాడు. లెక్క చూడండి: కప్పు పాలకి 150 కేలరీలు, ఐదు కప్పులకి 750. ఆ వయసు పిల్లాడికి రోజంతటికీ కావలసింది సుమారు వెయ్యి. ఇక ముద్దకి ఆకలెక్కడిది?

బొద్దుగా ఉండేవాడు. వారాంతం పార్టీల్లో అందరూ "ఎంత తెల్లగా ఉన్నాడండీ" అనేవారు. నేను మురిసిపోయేదాన్ని. పూలకుండీలో మట్టి తీసి తింటుంటే మా అమ్మ నవ్వి "కన్నయ్య కూడా తిన్నాడుగా" అంది. నేనూ నవ్వాను. ఇనుము తక్కువైన పిల్లలు మట్టి తింటారని ఆ నెలలోనే పరీక్షకి చదివాను! నేను చూస్తూనే ఉన్నాను కదా అని ఏడాది చెకప్‌కి కూడా తీసుకెళ్ళలేదు. ఆ చెకప్‌లో చేసే రక్తపరీక్ష దీనికోసమే.

పద్దెనిమిదో నెలలో జలుబుకని తీసుకెళ్తే, ఒక పెద్ద నర్సు వాడి కింది కనురెప్ప లాగి చూసి నావైపు చూసింది. హిమోగ్లోబిన్ 6.2. పదకొండుకి తగ్గితేనే రక్తహీనత అంటాం. అందరూ మెచ్చుకున్న ఆ తెలుపు, ఒంట్లో రక్తం లేకపోవడం.

అమ్మ అప్పటికి వెనక్కి వెళ్ళిపోయింది. నిమిషం లెక్కన డబ్బులు కరిగిపోయే ఫోన్లో "నీ పాలవల్లే ఇదంతా" అని అరిచాను. ఆవిడ ఏమీ అనలేదు. కాసేపాగి "వాడు అన్నం తింటున్నాడా?" అని మాత్రం అడిగింది. నిజానికి రాత్రి డ్యూటీ నుంచి వచ్చి, వాడు పడుకుంటే చాలని సీసా మీద సీసా నింపింది నేను. ఆ సంగతి ఆవిడతో ఒప్పుకోవడానికి నాకు పదేళ్ళు పట్టింది.

ఇనుము చుక్కల మందు నెలల తరబడి వేశాం. రక్తం కోలుకుంది. మెదడు వేగంగా పెరిగే వయసులో ఇనుము బాగా తగ్గితే, రక్తం సరిపోయాక కూడా ఆ ప్రభావం కొంత మిగలవచ్చు. వాడికిప్పుడు ముప్పై దాటాయి, బాగానే ఉన్నాడు. కానీ బళ్ళో ఎప్పుడు మార్కులు తగ్గినా నాకు ఆ సీసాలే గుర్తొచ్చేవి.

అందుకే తేదీ కంటే కొలత ముఖ్యమని నా గోల. ఏడాది నుంచి రెండేళ్ళ దాకా రోజుకి పదహారు ఔన్సులు, మహా అయితే ఇరవై నాలుగు. రెండు, మూడు కప్పులన్నమాట. వెన్న తీయని పాలే పట్టండి, మీ డైటింగు పాలు వాళ్ళకి వద్దు. ముందు అన్నం, తర్వాత పాలు. సీసాలో కాదు, గ్లాసులో. రాత్రి సీసాతో నిద్రపుచ్చితే పళ్ళు పుచ్చుతాయి. రుచి అలవాటు కాకపోతే తయారైన ఫార్ములాలో కొద్దికొద్దిగా పాలు కలుపుతూ వారంలో మార్చండి. నీళ్ళకి బదులు పాలలో ఫార్ములా పొడి కలిపే తల్లుల్ని చూశాను, ఆ పని మాత్రం చెయ్యకండి.

తల్లిపాలిస్తున్నవాళ్ళు ఏడాది కాగానే మానాలేమోనని కంగారు పడొద్దు. రెండేళ్ళూ, ఆ పైనా ఇవ్వవచ్చు. బాదం పాలలో ప్రోటీను తక్కువ, వాటిని ఆవుపాలకి బదులు వాడకండి.

మన పప్పన్నంలో ఇనుము లేకపోలేదు. పప్పులో తోటకూర వేసి, నాలుగు చుక్కలు నిమ్మరసం పిండితే ఇనుము బాగా ఒంటబడుతుంది. శాకాహారులు ఇనుము కలిపిన బేబీ సీరియల్ ఇంకొన్నాళ్ళు కొనసాగించండి. మాంసం తినే ఇళ్ళలో మెత్తగా ఉడికించి పెట్టండి. పెరుగు సంగతి ఎలాగూ అడుగుతారు: ఆరు నెలలు దాటాక రెండు చెంచాలు అన్నంలో కలిపి పెట్టవచ్చు, అది పాలకి బదులు కాదు. తేనె మాత్రం ఏడాదిలోపు నాలిక్కి రాయొద్దు.

ఏడాది నిండని బిడ్డతో ఇండియా వెళ్తున్నవాళ్ళు ఫార్ములా సరిపడా తీసుకెళ్ళండి. అక్కడి బంధువుల మాట మొహమాటానికి వినేసి, తిరిగొచ్చాక నాకు ఫోన్ చెయ్యకండి.

ఇక ప్రశ్నలు. మైకు ముందు అమ్మమ్మలకి ఇవ్వండి.